మెనూలో క్యాలరీలు చూసి మా నాన్న వేసిన లెక్క

"హోటల్ మెనూలో క్యాలరీలు రాస్తే జనం తక్కువ తింటారా?" అని అడిగారు కదా. మా ఇంట్లో అయితే ఎక్కువ తిన్నారు.

మా నాన్నకి 71 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. కోఆపరేటివ్ బ్యాంకులో గుమాస్తాగా రిటైరయ్యారు. పోయిన వేసవిలో విజయవాడలో ఒక మాల్‌కి తీసుకెళ్తే, బర్గర్ల కౌంటర్ ముందు కళ్లజోడు పెట్టుకుని నిలబడ్డారు. "ఒరేయ్, 189 పక్కన ఈ 350 ఏంట్రా? పాత రేటా?"

"కాదు నాన్నా, క్యాలరీలు. తింటే వచ్చే శక్తి." అక్కడే తప్పు చేశాను.

"ఓహో. మరి ఇంకో ముప్పై రూపాయలు పెడితే 610 వస్తున్నాయిగా? అదే గిట్టుబాటు." అదే ఆర్డర్ చెప్పించారు. కింద చిన్న అక్షరాల్లో పెద్దవాళ్లకు రోజుకు 2,000 కిలోక్యాలరీలు (మెనూలో క్యాలరీలంటే ఇవే) కావాలని ఉంటుంది చూడండి, అదీ వదల్లేదు. "అయితే రాత్రికి ఇంకా 1,390 ఉన్నాయన్నమాట!" మర్నాడు పరగడుపున షుగర్ 212. ఆ అంకె చూడ్డానికి మాత్రం కళ్లజోడు దొరకలేదు.

వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2025లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, క్యాలరీలు రాస్తే 600 క్యాలరీల భోజనంలో 11 తగ్గుతాయట. అంటే రెండు బాదంపప్పులు! నా సంగతి అడిగితే, అంకె చూసి చిన్న బర్గరే తీసుకుంటాను. అంత త్యాగం చేశాను కదా అని పైన ఐస్‌క్రీమ్ లాగిస్తాను. మీరూ అంతే, ఒప్పుకోరు గానీ.

అసలు మనం రోజూ తినేది మాల్‌లోనా? మెనూలో క్యాలరీలు రాయాలని మన దేశంలో 2022 జులై నుంచి అమలు చేస్తున్న ఈ రూల్ ఆహార భద్రతా సంస్థ (FSSAI) ఇచ్చే సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాళ్లకీ, పది, అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్నవాళ్లకీ మాత్రమే. మా వీధి చివర టిఫిన్ సెంటర్లో నెయ్యి కారం దోశ మీద ఓనరు గరిటెతో పోసే నెయ్యికి ఏ అంకె వేస్తారు? మూడోసారి అడిగి వేయించుకున్న పల్లీ చట్నీ ఎవరి ఖాతాలో రాస్తారు?

ఇంకో మంట. షుగర్ ఉన్నవాళ్లకి ముందు తెలియాల్సింది పిండిపదార్థం ఎంత అని. బోర్డు మీద అది లేదు. అడిగితే కౌంటర్లో అబ్బాయి, "వెబ్‌సైట్లో ఉంటుంది సార్" అన్నాడు. వెనక పదిమంది లైన్లో ఉన్నారు, మాల్‌లో సిగ్నల్ లేదు, నాన్నేమో అప్పటికే కెచప్ ప్యాకెట్ చింపేశారు.