ప్రెయిరీవిల్ చర్చి చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

అమెరికాలోని అలబామాలో, హేల్ కౌంటీ ప్రెయిరీవిల్‌లో ఉన్న సెయింట్ ఆండ్రూస్ ఎపిస్కోపల్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చి గురించి రాస్తానన్నావు, చాలా సంతోషం. పల్లెటూరి చర్చి, చిన్న కట్టడం, నాలుగు రోజుల్లో అయిపోతుందిలే అనుకోకు. ఇలాంటివాటికి దొరికే కాగితాలు తక్కువ, అందుకే వెతుకులాట ఎక్కువ.

ముందు ఒక పూట చర్చి దగ్గరే గడుపు. 1853లో కట్టిన చెక్క కట్టడం అది. నిలువుగా బిగించిన పలకలు, వాటి సందులు మూస్తూ సన్నటి పట్టీలు, బాగా ఏటవాలుగా దిగే కప్పు, పైన మొనతేలిన కిటికీలు. న్యూయార్క్ ట్రినిటీ చర్చికి ప్లాన్ గీసిన రిచర్డ్ అప్‌జాన్ 1852లో పల్లెల్లో కట్టుకోదగ్గ చెక్క కట్టడాల నమూనాలతో ఒక పుస్తకం వేశాడు. దాన్ని పక్కన పెట్టుకుని పోల్చి చూడు. తేడా కనిపించిన ప్రతిచోటా ఆగి, అక్కడి వడ్రంగి ఏం ఆలోచించి ఉంటాడో రాసుకో.

లోపలి గోడల రంగు చూశావా? పొగాకు కాడలు మరిగించి, ఆ రసం పూశారని చెబుతారు. ఆ పని చేసిన చేతులెవరివన్నదే నీ వ్యాసానికి ప్రాణం. హెన్రీ టేలో అనే భూస్వామి దగ్గర బానిసలుగా బతికిన పీటర్ లీ, జో గ్లాస్గో పెద్ద వడ్రంగులుగా ఉండి, తోటి బానిసలతో కలిసి ఈ చర్చి కట్టారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ ఇద్దరి పేర్లూ మొదటి పేరాలోనే రావాలి. టేలో పేరు తర్వాత వచ్చినా నష్టం లేదు. ఈ ఒక్క విషయంలో నా మాట వినమ్మా.

చర్చి కమిటీ మినిట్స్‌లో చందాలిచ్చినవాళ్ల పేర్లు కనిపించినంత తేలిగ్గా రంపం పట్టినవాళ్ల పేర్లు కనిపించవు. అందుకే బాప్తిస్మాల, సమాధుల రిజిస్టర్లు కూడా చూడు. ఆ కాలపు దక్షిణాది రిజిస్టర్లలో బానిసలకు చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు, పక్కన యజమాని పేరుంటుంది. కళ్లు నొప్పెట్టినా ఒక్కో పేరూ ఎత్తి రాసుకో. డయాసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల మండలం, ఏటా అచ్చువేసిన సమావేశాల నివేదికల్లోనూ కొంత దొరకొచ్చు.

తేదీలు కలిపేయకు. కట్టింది 1853లో, ప్రతిష్ఠ జరిగింది 1858లో, జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది 1973లో. జనం చెప్పుకునే మాటను అలా చెప్పుకుంటారనే రాయి. కాగితం దొరకలేదని మాత్రం దాన్ని కొట్టేయకు.

ఆ చుట్టుపక్కల నల్లజాతి కుటుంబాల పెద్దలను తప్పకుండా కలువు. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడుగు, రాసింది వాళ్లకు చదివి వినిపించాకే అచ్చుకివ్వు.

ఆశీస్సులతో,
మామయ్య