హెడ్డు దించకుండా స్టడ్లు మార్చవచ్చునా?

ప్రశ్న: నాకు సొంత లారీ ఉంది. కొబ్బరికాయల లోడుతో ఉత్తరాదికి వెళ్తుంటాను. బండిలో ఉన్నది 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల టాటా కమ్మిన్స్ టర్బో ఇంజను, పన్నెండు వాల్వులది. నిరుడు డీజిల్ పంపు డెలివరీ కొంత పెంచించాను. లాగుడు బాగానే ఉంది గాని, ఈ ఒత్తిడికి ఇంజను పైభాగమైన హెడ్డును కింది బ్లాకుకు పట్టి ఉంచే పాత బోల్టులు ఆగవనీ, వాటి స్థానంలో స్టడ్లు (బ్లాకులో దించి పైన నట్టు బిగించే మరల కడ్డీలు) వేయించుకోమనీ రావులపాలెంలో ఒక మేస్త్రి చెప్పారు. హెడ్డు దించనక్కర్లేదట, ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే ఒక రోజులో పని అయిపోతుందట. తణుకులో మరొక మేస్త్రి మాత్రం ఒక్క బోల్టు వదులు చేసినా హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్టు పోతుందని, అది చేయరాని పని అని అన్నారు. ఎవరి మాట నమ్మమంటారు?
– ఒక లారీ యజమాని, అంబాజీపేట

జవాబు: మార్చవచ్చును. కాకపోతే మీ గాస్కెట్టు ఈనాటికి నిక్షేపంగా ఉండాలి. ఇద్దరు మేస్త్రీలూ తలా ఒక నిజం చెప్పారు. ఏ నిజం మీ బండికి వర్తిస్తుందో తేల్చుకున్న తరువాతే పానా పట్టాలి.

మీ ఇంజనులో ఆరు సిలిండర్లకూ కలిపి హెడ్డు ఒక్కటే. దానిని బ్లాకుకు అదిమి పట్టి ఉంచేవి 26 బోల్టులు. వాటిలో ఒకదానిని తీసినప్పుడు ఆ చోట ఒత్తిడి తగ్గుతుందే తప్ప, చుట్టూ ఉన్న బోల్టులు హెడ్డును కదలనివ్వవు, గాస్కెట్టు కూడా తన చోటు విడిచి జరగదు. ఇంజను చల్లగా, ఆగి ఉన్నప్పుడు సిలిండరులో మంట ఒత్తిడి ఉండదు కాబట్టి హెడ్డును పైకి నెట్టే శక్తి ఏదీ ఆ సమయంలో లేదు. అందువల్ల రాత్రంతా ఆగిన ఇంజనులో ఒకసారికి ఒకే బోల్టు తీసి, దాని స్థానంలో స్టడ్డు వేసి బిగించి, ఆ తరువాతే రెండవదానికి వెళ్లే పద్ధతి సబబైనదే. పక్కపక్కన ఉన్న రెండింటిని కలిపి తీయకూడదు. పని పూర్తయ్యేదాకా సెల్ఫు కొట్టకూడదు. వేడి ఇంజను మీద ఈ పని మొదలుపెడితే తణుకు మేస్త్రి గారి మాటే నిజమవుతుంది.

అయితే ఇప్పటికే లీకు మొదలైన గాస్కెట్టును స్టడ్లు బాగు చేయవు. ఈ మాటను నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, ఎందుకంటే హెడ్డు దించే ఖర్చు తప్పుతుందన్న ఆశతోనే చాలామంది స్టడ్ల దారి పడుతున్నారు. గాస్కెట్టు ఒకచోట కాలిందంటే అక్కడ హెడ్డు వంగి అయినా ఉంటుంది, బ్లాకు అంచు తినేసి అయినా ఉంటుంది. ఆ లోపాన్ని హెడ్డు దించి, నిటారు పట్టీ ఆనించి, సందులోకి ఫిల్లర్ గేజి పెట్టి చూస్తే గాని కనిపెట్టలేము.

మన డెల్టా రోడ్లలో ఒక చిక్కు ఉంది. కోనసీమ అంతా చదును నేల; సిద్ధాంతం దగ్గరో రావులపాలెం దగ్గరో వంతెన ఎక్కేటప్పుడు తప్ప ఇంజనుకు ఎక్కుడు తగలదు. బలహీనపడిన గాస్కెట్టు ఇక్కడ నెలల తరబడి బయటపడకుండా తిరిగి, ఊరుగాని ఊరిలో, మొదటి ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది. కాబట్టి ముందుగా ఇంటి దగ్గరే పరీక్ష చేయండి. తెల్లవారి చల్లని ఇంజను స్టార్ట్ చేసి, రేడియేటరు పై గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూడండి. నీళ్లు ఇంకా వెచ్చబడకముందే, ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ గొట్టం గట్టిపడితే సిలిండరులోని గాలి నీళ్లలోకి వస్తోందని అర్థం. ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి చూస్తే బుడగలు ఆగకుండా రావడం, ఆయిలు మజ్జిగలా తెల్లబడడం, లోడు మీద నీళ్లు పైకి తన్నడం కూడా అదే చెబుతాయి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్టడ్ల ఆలోచన పక్కన పెట్టి హెడ్డు దించండి. ఎలాగూ దించారు కాబట్టి స్టడ్లు అప్పుడే వేసుకోవచ్చును.

బోల్టు కంటే స్టడ్డు ఎందుకు మేలో కూడా తెలిసి ఉండాలి. మనం పానాకు ఇచ్చే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది; హెడ్డును అదిమే పనికి మిగిలేది పదో వంతే. బోల్టును బిగించేటప్పుడు దాని ఒళ్లంతా తిరుగుతుంది, అడుగు మరలు బ్లాకు మరలతో రాసుకుంటాయి, బోల్టు సాగుతూనే మెలిపడుతుంది. స్టడ్డు అయితే ముందే బ్లాకులో చేతి బిగువుగా కూర్చుంటుంది. పైన నట్టు ఒక్కటే, సన్నని మరల మీద, తిరుగుతుంది. అందువల్ల స్టడ్డు నిలువునా సాగుతుంది, బిగువు అన్నిటా సమానంగా వస్తుంది, బ్లాకు మరలు కూడా అరగవు. ఆ రాపిడి లెక్క అంతా మరలకు పూసే నూనె మీద ఆధారపడి ఉంటుంది గనుక, స్టడ్లతో వచ్చిన గ్రీజుకు చెప్పిన టార్కును (పానాతో తిప్పే బలం కొలతను) ఇంజను ఆయిలు పూసి వాడకండి. ఇంజను ఆయిలుకు వేరే అంకె ఉంటుంది.

ఇక పని విషయం. ముందు కూలెంటు దింపేయాలి. మీ ఇంజనులో వాల్వులను నొక్కి తెరిచే రాకర్ల మీద సిలిండరుకు ఒకటి చొప్పున ఆరు రాకర్ కవర్లు ఉంటాయి. పొడవు బోల్టులు రాకర్ స్టాండ్ల గుండానే కిందికి దిగుతాయి కాబట్టి ఆ సిలిండరు రాకర్లను ముందుగా వదులు చేసి తీయవలసి వస్తుంది. తీసిన బోల్టులు కలిసిపోకుండా ఒక అట్ట ముక్కకు 26 రంధ్రాలు పొడిచి, అంకెలు వేసి, వచ్చినదాన్ని వచ్చినట్టు దానిలో గుచ్చి ఉంచండి. బయటికి తీసిన ప్రతి బోల్టునూ తెల్లటి గుడ్డతో తుడిచి చూడడం నాకు అలవాటు: కొసన ఎర్రటి తుప్పు ఉంటే ఆ రంధ్రంలోకి నీరు చేరిందని, నల్లటి నూనె ఉంటే పైనుంచి ఆయిలు దిగిందని గుడ్డే చెప్తుంది.

రంధ్రం శుభ్రం చేయడమే ఈ పనికి ప్రాణం. హెడ్డు మీదే ఉంది గనుక రంధ్రం లోతుగా, సన్నగా, చీకటిగా ఉంటుంది. అడుగున ఏముందో కంటికి ఆనదు. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టితే మురికి పైకి లేచి పక్క రంధ్రాల్లోనో రాకర్ల దగ్గరో పడుతుంది. సన్నని గొట్టం రంధ్రం అడుగుదాకా దించి, చుట్టూ గుడ్డ చుట్టి, ముందు పీల్చి తీసి ఆ తరువాత నెమ్మదిగా ఊదాలి. మరలను సరిచేయడానికి కోసే ట్యాపు వాడవద్దు. అది బ్లాకు ఇనుమును గీసి మరలను వదులు చేస్తుంది, రాలిన రజను బయటికి రాదు. పాత మరలలోనే తిరిగి మురికిని మాత్రం తెచ్చే ఛేజరు వాడాలి.

పని నేర్చుకుంటున్న రోజుల్లో హైవే పక్కన ఒక షెడ్డులో నేను కళ్లారా చూశాను. మూసుకున్న రంధ్రంలో అడుగున రెండు వేళ్ల మందం ఆయిలు నిలిచి ఉంది. అది చూడకుండా బోల్టు దించి బిగించారు. ఆయిలు కుదించుకోదు, పోవడానికి దారి లేదు. బోల్టు కింద ఆ ఒత్తిడికి బ్లాకు పక్క గోడ వెంట్రుక వాసి పగిలింది. ‘టిక్’మన్న ఆ చిన్న చప్పుడుతో బ్లాకే మార్చవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఏ రంధ్రంలోనూ గుడ్డ పొడిగా వచ్చేదాకా నేను మరొక వస్తువు దించలేదు.

స్టడ్డును పైన ఉన్న ఎలన్ గాడిలో కీ పెట్టి చేత్తో మాత్రమే దించాలి. అడుగు తగలగానే ఆపాలి. గాలి గన్ను పెట్టి తిప్పవద్దు. నీళ్ల గదిలోకి తెరుచుకున్న రంధ్రమైతే మరలకు సీలెంటు కావాలి. వాషరుకూ, నట్టు మరలకూ గ్రీజు రాయాలి. స్టడ్ల కంపెనీ మెట్లు మెట్లుగా చెప్పిన టార్కులలో మధ్య మెట్టు దాకా నట్టు బిగించి ఆ తరువాతి స్టడ్డుకు వెళ్లండి. అన్నీ మారిన తరువాత, నడిమి నుంచి రెండు చివరలకు చుట్టలు చుట్టినట్టు సాగే వరుసలో, చివరి మెట్టు దాకా అన్నిటినీ మళ్లీ బిగించాలి. రాకర్లు పెట్టేటప్పుడు వాటిని కిందినుంచి నెట్టే పుష్ రాడ్లు తమ గిన్నెల్లో కూర్చున్నాయా అని వేలితో తాకి చూడండి. ఆ తరువాత వాల్వుల సందు సెట్ చేయాలి: ఒకటో సిలిండరు మంట స్థానంలో (పిస్టను పైకొసన, రెండు వాల్వులూ మూసుకుని) ఉన్నప్పుడు ఇన్‌లెట్ 1, 2, 4, ఎగ్జాస్ట్ 1, 3, 5 వాల్వులు. క్రాంకు ఒక పూర్తి చుట్టు తిప్పాక మిగిలినవి సెట్ చేయాలి. చల్లని ఇంజను మీద ఇన్‌లెట్‌కు 0.25 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.51 మి.మీ. సందు ఉండాలి. కవర్లు స్టడ్ల తలలకు తగలకుండా కూర్చుంటున్నాయో లేదో కూడా ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెప్తాను. పంపు కంపెనీ సెట్టింగులో ఉన్న లారీకి స్టడ్లు అవసరం లేదు. కొలిచి, పొడవు సాగినవి ఏరేసి, మంచి బోల్టులు పద్ధతిగా బిగిస్తే అవే ఎన్నో ఏళ్లు ఆగుతాయి. మీరు డెలివరీ పెంచారు కాబట్టి స్టడ్లు వేయడం న్యాయమే. దానితో పాటు ఎగ్జాస్ట్ వేడి ఎంత పెరిగిందో కూడా చూపించుకోండి. హెడ్డును వంచేది వేడే.

ప్రశ్న: గత నెలలో మా బండికి స్టడ్లు వేయించాము. కొంత తిరిగాక మళ్లీ బిగించాలంటున్నారు. ఊరికే పానా పెట్టి టార్కు చూస్తే సరిపోతుందా?
– పాలకొల్లు

జవాబు: సరిపోదు. బిగిసి ఆగి ఉన్న నట్టును కదిలించడానికి ఎక్కువ బలం పడుతుంది, కదిలిన తరువాత తక్కువ చాలు. అందుచేత ఊరికే పానా పెడితే, నట్టు కదలకుండానే టార్కు రెంచి ‘టక్’మని చెప్పిన అంకె చూపిస్తుంది, బిగువు సరిపోయిందని మీరు పొరబడతారు. ఇంజను పూర్తిగా చల్లబడ్డాక, వరుస ప్రకారం ఒక్కొక్క నట్టును పావు చుట్టు వదులు చేసి వెంటనే ఒకే ఊపులో చివరి టార్కుకు తేవాలి. ఎన్ని కిలోమీటర్లకు, అసలు చేయాలా అన్నది గాస్కెట్టు రకాన్ని బట్టి ఉంటుంది; పొరలు పొరలుగా ఉండే ఉక్కు గాస్కెట్లకు చాలావరకు మళ్లీ బిగించే పని ఉండదు, కాబట్టి డబ్బా మీద ఏముందో చూడండి.

ప్రశ్న: చేపల లోడు తిప్పే మా లారీకి హెడ్ బోల్టు తీస్తుంటే బ్లాకు మరలు కూడా ఊడి వచ్చాయి. హెడ్డు దించకుండా దీన్ని సరిచేసుకునే మార్గముందా?
– భీమవరం

జవాబు: లేదు. మరలు పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి బుష్ గాని, తీగచుట్టు మర గాని వేయాలి. దానికి డ్రిల్లు నిటారుగా దిగాలి, రజను అంతా బయటికి రావాలి. ఈ రెండూ హెడ్డు మీద ఉండగా జరగవు. బోల్టు మరల మీద ఇనుము పొడి వెంట తుప్పు కూడా వచ్చిందేమో చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. దాన్ని రేడియేటరులో పోస్తే పొలుసు కట్టి, నీళ్ల గదిలోకి తెరుచుకున్న రంధ్రాల్లో మరలను తినేస్తుంది. హెడ్డు దించినప్పుడు ఆ ఒక్క రంధ్రాన్నే కాకుండా మిగిలిన అన్ని రంధ్రాల మరలనూ ఛేజరుతో చూపించండి, తిరిగి నింపేటప్పుడు శుద్ధి చేసిన నీటిలో కలిపిన కూలెంటే పోయించండి.