ఎగ్జిబిషన్ స్టాల్‌కు కట్టిన సొమ్ము వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఖాళీ వేళల్లో క్రోషె బొమ్మలు, సిల్క్ థ్రెడ్ గాజులు చేస్తుంటాను. జీతం మీదే బతుకుతున్నాం, ఇది కేవలం నా సరదా. 2023 డిసెంబరు 15, 16, 17 తేదీల్లో విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో ‘చేత్తో చేసినవి మాత్రమే’ అంటూ ఎగ్జిబిషన్ పెట్టారు. స్టాల్‌కు 18 వేలు. 8 వేలు ముందుగా యూపీఐలో పంపాను, మిగతా 10 వేలు మొదటి రోజు చేతికిచ్చాను. వాట్సాప్ గ్రూపులో పంపిన మ్యాప్‌లో నా స్టాల్ గేటు పక్కనే ఉంది. తీరా వెళ్తే హాలు వెనక జనరేటర్ పక్కన ఇచ్చారు. చుట్టూ నైటీలు, ప్లాస్టిక్ డబ్బాలు, హోల్‌సేల్ మార్కెట్లో కొన్న నగలు. నేను 250కి అమ్మే గాజుల్లాంటివే పక్క స్టాల్లో 60 రూపాయలు. మూడు రోజులకు 2,300 అమ్మాను. ఇంటికొచ్చి ఏడ్చాను. డబ్బులడిగితే ఫారంలో ‘నో రీఫండ్’ ఉందన్నారు. 2024 మార్చిలో ‘వచ్చే ఎగ్జిబిషన్‌లో అడ్జస్ట్ చేస్తా’ అని మెసేజ్ పెట్టారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఫోన్ మార్చినప్పుడు నా చాట్‌లన్నీ పోయాయి. 10 వేలకు రసీదు లేదు, విజిటింగ్ కార్డు వెనక ‘స్టాల్ 27, 10,000 ముట్టింది’ అని రాసి సంతకం గీకి ఇచ్చారంతే. మా మరిది 420 కేసు పెడదామంటున్నాడు. తెలిసిన షాపులో ముడిసరుకు బిల్లులు రాయించి, రావలసిన లాభంతో కలిపి లక్షన్నర అడుగుదామంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో సగానికి పైగా అమ్మకాలు జరగలేదన్న బాధే ఉంది. దాని మీద కేసు నిలవదు. ఎగ్జిబిషన్‌లో సరుకు అమ్ముడుపోతుందని ఆర్గనైజర్ హామీ ఇవ్వడు. జనం రాకపోయినా, వచ్చి కొనకపోయినా అది స్టాల్ తీసుకున్నవారి నష్టమే. మీకు కేసు ఉందంటే అది రెండు మాటల మీదే ఉంది. చేత్తో చేసినవి మాత్రమే అమ్ముతామన్న మాట ఒకటి, గేటు పక్కన స్టాల్ ఇస్తామన్న మాట ఇంకొకటి. ఆ రెండూ తప్పారు. ‘నో రీఫండ్’ అన్న షరతుకు మీరు భయపడనక్కర్లేదు. స్టాల్ బుక్ చేసి మీరే మానేస్తే అది మీకు అడ్డొచ్చేది. తన మాట తానే తప్పినవాడికి ఆ షరతు రక్షణ కాదని గట్టిగా వాదించవచ్చు.

అయితే మీ కేసును తేల్చేది ఇది కూడా కాదు. చట్టం దృష్టిలో మీరు వినియోగదారా, వ్యాపారా? అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య ప్రయోజనం కోసం సేవ తీసుకున్నవారు వినియోగదారు కారు. అవతలి లాయరు మొదటి వాయిదాలోనే లేచి ‘అమ్మకానికే కదా స్టాల్ తీసుకున్నారు, ఇది వ్యాపారమే’ అంటాడు. స్వయం ఉపాధికి మినహాయింపు ఉందని మీకెవరైనా చెప్పి ఉండవచ్చు. దాని జోలికి వెళ్లకండి. అది కేవలం జీవనోపాధి కోసం చేసేవారికి, మీరు జీతం మీద బతుకుతున్నామని మీరే రాశారు. పైగా 1986 చట్టంలో ఆ మినహాయింపు సేవలకు కూడా ఉండేది, 2019 చట్టం వివరణలో వస్తువుల మాటే మిగిలింది. గాజులు, బొమ్మలే ఇంటికి ఆధారమై ఎగ్జిబిషన్లు తిరిగే అక్కచెల్లెళ్లు ఈ తేడా గమనించాలి. స్టాల్ విషయంలో గొడవొస్తే వాళ్లకు సివిల్ కోర్టే నికరమైన దారి.

మీకున్న వాదన వేరు. అసలు మీది వాణిజ్య ప్రయోజనమే కాదు. లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఆ లావాదేవీ వెనక ప్రధాన ఉద్దేశం లాభార్జనేనా కాదా అన్నది చూడాలి. స్కూలు జీతంతో బతికే టీచరు, జీఎస్టీ లేదు, షాపు లేదు, ఏడాదికి ఒకటో రెండో ఎగ్జిబిషన్లు, దారం ఖర్చు వస్తే చాలనుకునే ధర. ఇలాంటి వివరాల్లో మీ విషయంలో నిజమైనవన్నీ ఫిర్యాదులో, అఫిడవిట్‌లో స్పష్టంగా రాయాలి. వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వను, కానీ ఇది నిజాయితీగా నిలబెట్టగల వాదన.

ఇప్పుడు మీ మరిది చెప్పినట్టు లక్షన్నర లాభం పోయిందని రాశారనుకోండి. ఒక పేరాలో ‘ఇది నా సరదా’ అని, రెండు పేజీల తర్వాత ‘రావలసిన లాభం పోయింది’ అని మీరే రాస్తే అవతలి లాయరు చేయాల్సిన పని మీరే చేసిపెట్టినట్టు. నేను వ్యాపారినని మీ సంతకంతో మీరే ఒప్పుకున్నట్టవుతుంది, ఫిర్యాదు అక్కడితో కొట్టేస్తారు.

రాయించే బిల్లుల సంగతి ఇంకా ఘోరం. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది చట్టరీత్యా న్యాయ విచారణే. అక్కడ దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. బిల్లు బుక్కులో ముందు నంబరు ఏ తేదీది, వెనక నంబరు ఏ తేదీది అని ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతారు. 18 వేల కోసం బయల్దేరి ముద్దాయిగా నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక గడువు. మీరు మార్చిలో వచ్చిన మెసేజ్ పట్టుకుని నింపాదిగా కూర్చున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వినియోగదారు ఫిర్యాదుకు వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే గడువు. మీకు తప్పు స్టాల్ ఇచ్చింది 2023 డిసెంబరు 15న. ఎగ్జిబిషన్ 17 దాకా జరిగింది కదా అనే లెక్కలు వద్దు, 2025 డిసెంబరు 15నే ఆఖరు రోజుగా పెట్టుకోండి. ఈ జవాబు రాస్తున్నది 2025 అక్టోబరు చివర్లో. ‘అడ్జస్ట్ చేస్తా’ అన్న మెసేజ్‌తో గడువు మళ్లీ మొదలవుతుందనుకోవడం ప్రమాదం. అందులో ఇంత బాకీ ఉన్నానన్న ఒప్పుకోలు లేదు, సంతకమూ లేదు. లాయర్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా పెరగదు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినా పెరగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, ‘ఇస్తాడేమోనని చూశాను’ అన్నది తగిన కారణంగా నిలవడం కష్టం.

సాక్ష్యం దగ్గర మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. పిల్లలు హోంవర్క్ పోగొట్టుకొస్తే ఊరుకోని టీచరు, డబ్బు గొడవ నడుస్తుండగా చాట్‌లు బ్యాకప్ చేయకుండా ఫోన్ మారుస్తారా? 10 వేలు చేతికిచ్చి రసీదు అడగరా? మొహమాటపడ్డారు, అంతే కదా. స్టాల్ డబ్బులిచ్చే చోట మొహమాటం వద్దు.

అయినా అంతా పోలేదు. మీరు తేలిగ్గా రాసిన ఆ విజిటింగ్ కార్డే ఈ కేసులో అన్నిటికన్నా విలువైన కాగితం. స్టాల్ నంబరు, మొత్తం, ముట్టిందన్న మాట, సంతకం ఒకే చోట ఉన్నాయి. రెండు వైపులా ఫొటో తీసి, కార్డును ఒక కవరులో పెట్టండి. లామినేషన్ చేయించకండి, తేదీ లేదని ఇప్పుడు మీరు పెన్నుతో వేయకండి, దాని మీద ఒక్క గీత కూడా గీయకండి. కార్డు ముందు వైపున్న పేరు కూడా ముఖ్యం. ఎగ్జిబిషన్‌కు పెట్టుకున్న అందమైన పేరు మీద కేసు వేస్తే నోటీసు తీసుకునేవాడే ఉండడు. మీ 8 వేలు ఎవరి ఖాతాకు వెళ్లాయో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. యూపీఐ ఎంట్రీలో అవతలి పేరు, రిఫరెన్సు నంబరు ఉంటాయి. ఆ పేరు, కార్డు మీది పేరు ఒకటే అయితే ఎవరి మీద కేసు వేయాలన్న ప్రశ్న తీరిపోతుంది. వేరైతే ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. బ్యాంకు స్టేట్‌మెంట్ స్టాంపు వేయించి తీసుకోండి.

పోయిన చాట్ సంగతికి వద్దాం. ఆ గ్రూపులో మీరొక్కరే లేరు కదా. మీలాగే సరదాగా స్టాల్ పెట్టి నష్టపోయినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్ల ఫోన్లో ‘చేత్తో చేసినవి మాత్రమే’ అన్న మెసేజ్, ఆ మ్యాప్ ఇప్పటికీ ఉండవచ్చు. చాట్ ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఫోన్ ఎవరిదో వారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. కమిషన్ సాక్ష్యం విషయంలో కొంత ఉదారంగా ఉంటుంది గానీ, రేపు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తే అది లేకుండా చాట్ కాగితాలకు విలువుండదు. ఆ చాట్ ఇచ్చిన మనిషి చేత అఫిడవిట్ కూడా తీసుకోండి. ఆ మూడు రోజులు తీసుకున్న ఫొటోలు క్లౌడ్‌లో ఉంటే వెతకండి. మీ సెల్ఫీ వెనక జనరేటరో, నైటీల స్టాలో కనపడితే అదే సాక్ష్యం. మీ 2,300 అమ్మకాన్ని దాచకండి, దాచినట్టు తేలితే మిగతా నిజాలూ నమ్మరు.

420 కేసు గురించి. వద్దు. మోసం నేరం కావాలంటే డబ్బు తీసుకునే నాటికే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి, తర్వాత మాట తప్పడం ఒక్కటే మోసం కాదని హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసు (2000)తో పాటు ఎన్నో తీర్పుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆర్గనైజర్ హాలు తీసుకున్నాడు, స్టాల్ వేశాడు, మీరు మూడు రోజులు కూర్చున్నారు కూడా. సంఘటన బీఎన్ఎస్ అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందుది కాబట్టి పాత ఐపీసీయే వర్తిస్తుంది, కానీ ఏ చట్టమైనా ఇదే సమాధానం. స్టేషన్లో పిలిపించి బెదిరిస్తే డబ్బిస్తాడని మీ మరిది ఆశ. ఆ ఆర్గనైజర్ హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయించుకుంటే చేతిలో ఆ ఉత్తర్వు పెట్టుకుని కమిషన్‌కు వస్తాడు. ఈలోగా డిసెంబరు 15 దాటిపోతుంది. సోషల్ మీడియాలో అతని ఫొటో పెట్టి ‘దొంగ’ అని రాయడం కూడా చేయకండి, పరువునష్టం కేసు అదనంగా వచ్చి పడుతుంది.

చేయాల్సింది ఇది. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఎగ్జిబిషన్ విజయవాడలో జరిగినా, ఫిర్యాదుదారు నివసించే చోట వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అడగాల్సింది కట్టిన 18 వేలు, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు, ఖర్చులకు కలిపి ఒక మితమైన మొత్తం. లాభం అన్న మాట ఎక్కడా రాకూడదు. స్టాల్ వాడుకున్నారు కాబట్టి కమిషన్ మొత్తం కాక కొంతే ఇప్పించవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. రాసుకోవడం రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

మీరు వినియోగదారు కాదని కమిషన్ అంటే దారి మూసుకుపోదు. ఒప్పంద ఉల్లంఘన మీద సివిల్ దావాకు మూడేళ్ల గడువు, అంటే 2026 డిసెంబరు దాకా ఉంది. కమిషన్‌లో గడిచిన కాలాన్ని గడువుల గురించి చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించమని అడగవచ్చు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసు (1995)లో సుప్రీంకోర్టు ఆ అవకాశం ఇచ్చింది. కాకపోతే మీరు సదుద్దేశంతో, శ్రద్ధగా కేసు నడిపి ఉండాలి. దొంగ బిల్లులు పెట్టినవారికి సదుద్దేశం ఉందని ఏ కోర్టూ అనదు.

నోటీసు అందాక ఆర్గనైజర్ రాజీకి ఫోన్ చేసే అవకాశం ఎక్కువ. మాట్లాడండి, తప్పులేదు. డబ్బు మాత్రం బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి, రాజీ సంగతి కమిషన్ ముందే రికార్డు చేయించండి, ఆ విజిటింగ్ కార్డు అసలును అప్పటిదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి.