సర్వేని సైటులో ఎంబెడ్ చేసినా మన రంగులు, ఫాంట్ ఎందుకు రావు?

ఐఫ్రేమ్‌తో పెట్టిన సర్వేకి మీ సైటు సీఎస్ఎస్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) వర్తించదు, అందుకే రంగులు, ఫాంట్, లోగో సర్వే టూల్ సెట్టింగ్స్‌లోనే మార్చాలి. ఐఫ్రేమ్ అంటే మీ పేజీలో తెరుచుకున్న వేరే పేజీ. అది వేరే డొమైన్ నుంచి వస్తుంది గనక బ్రౌజర్ మీ పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌ని కూడా లోపలికి పోనివ్వదు. ఈ అడ్డు ఉండాల్సిందే. లేకపోతే తన పేజీలో ఐఫ్రేమ్‌తో పెట్టుకున్న వేరే కంపెనీ పేమెంట్ ఫారంలో జనం టైప్ చేసే కార్డు నంబర్లను ఏ సైటైనా చదివేయగలదు.

ఉదాహరణకి, మీ బటన్ల రంగు #006644 అనుకోండి. దానికి దగ్గరగా ఉన్న ఏదో ఆకుపచ్చ కాకుండా సరిగ్గా అదే కోడ్ సర్వే థీమ్‌లో ఇవ్వండి, బ్యాక్‌గ్రౌండ్ కూడా పేజీదే పెట్టండి. ఐఫ్రేమ్ వెడల్పు 100% చేసి బోర్డర్ తీసేయండి. ఎత్తు మాత్రం ఫోన్‌లో తెరిచి చూసుకోవాలి: చాలకపోతే పేజీ స్క్రోల్‌బార్ పక్కనే సర్వేకి ఇంకోటి వస్తుంది. అతుకు ఎక్కువగా బయటపడేది అక్కడే.

సర్వేకి సొంత సబ్‌డొమైన్ (survey.మీసైటు.com లాంటి అడ్రస్) పెడితే డిజైన్ దానంతటదే కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. దానివల్ల మారేది సర్వే అడ్రస్, స్టైల్ మాత్రం విడిగా ఇవ్వాల్సిందే.