ఇంజనీరింగ్ చదివి ప్రాచీన చరిత్రకు వస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, మూడేళ్లు ఉద్యోగం కూడా చేసిన తరువాత ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చేయాలనుకోవడం పిచ్చితనమా అని అడిగావు. నీటిపారుదల శాఖలో కాలువల కొలతలు వేసుకుంటూ ముప్పై నాలుగో ఏట ఇదే దారి పట్టినవాణ్ణి కనుక ఆ ప్రశ్నకు నేను చెప్పే జవాబు చెల్లదు. ఎలా చదవాలో మాత్రం చెబుతాను.

ప్రవేశం సంగతి ముందు ముగిస్తాను. చరిత్రలో ఎం.ఏ.కు చాలా విశ్వవిద్యాలయాలు ఏ పట్టా ఉన్నవారినైనా చేర్చుకుంటాయి. తవ్వకాల మీద మక్కువ ఉంటే పుణెలోని డెక్కన్ కాలేజీ, చరిత్ర రచన మీద ఉంటే హైదరాబాదు విశ్వవిద్యాలయం చూడు. అర్హతల పేరా ఏటేటా మారవచ్చు కనుక ఆ సంవత్సరపు ప్రకటననే చదువు. అసలు కష్టం సీటు వచ్చాక, భాష దగ్గర మొదలవుతుంది.

మన నేల మీది తొలి శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. మూడో శతాబ్దిలో నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకుల నాటికి వాటి పక్కన సంస్కృతం కనిపిస్తుంది. ఆరో శతాబ్దిలో రేనాటి చోళులు కడప సీమలో తెలుగులో రాయించడం మొదలుపెట్టారు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం 575 ప్రాంతానిదని పండితులు చెబుతారు. ఆ కాలపు తెలుగులో మనం వదిలేసుకున్న 'ఴ' అనే అక్షరం కూడా ఉంది. మనం చోళ అనేదాన్ని వాళ్లు 'చోఴ' అని చెక్కారు. ఈ మూడు భాషల్లో సంస్కృతంతో మొదలుపెట్టు. ప్రాకృత వ్యాకరణాలు, నిఘంటువులు నీకు సంస్కృతం వచ్చుననే నమ్మకంతో రాసినవి కాబట్టి నేరుగా ప్రాకృతానికి వెళ్లినవారు ఆరు నెలలు వృథా చేసుకుని వెనక్కి రావడం నేను చూశాను. ఉద్యోగం ఇప్పుడే మానకు. ఒక ఏడాదిపాటు రోజూ తెల్లవారుజామున ముప్పావు గంట శబ్దాలు, ధాతువులు వల్లెవేయి. సూత్రం అర్థమైతే చాలు, కంఠస్థం ఎందుకని మన ఇంజనీర్లకు ఒక గర్వం ఉంటుంది, నాకూ ఉండేది. విరిగిన రాతి మీద సగం విభక్తి మాత్రమే మిగిలినప్పుడు మిగతా సగాన్ని పూరించేది ఆ వల్లెవేతే. ఈ ఏడాది చరిత్ర సిద్ధాంతాల జోలికి పోవద్దు, శాతవాహనులు ఎవరివారన్న వాదాల జోలికి అసలే పోవద్దు.

లిపి గురించి భయపడవలసింది లేదు. అశోకుని బ్రాహ్మి పదిహేను రోజుల పని. 'క' కూడిక గుర్తులా ఉంటుంది, 'ర' నిలువు గీత, 'ఠ' సున్న, ఆ సున్నలో చుక్క పెడితే 'థ'. అక్షరాలు పట్టుబడగానే గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఉన్న ఎర్రగుడికి వెళ్లు. అక్కడి బండల మీద అశోకుని పద్నాలుగు ధర్మలిపులతో, అంటే పెద్ద శిలాశాసనాలతో పాటు చిన్న శాసనాలు కూడా ఉన్నాయి. ఆ చిన్నవాటిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పుస్తకంలో చదివిన బ్రాహ్మి ఒక్క క్షణం చేతిలోంచి జారిపోతుంది. ఆ బండలను పరిశోధకుల దృష్టికి తెచ్చినవాడు ఒక భూగర్భ శాస్త్రవేత్త అన్న మాట మీ నాన్నతో వాదన వచ్చినప్పుడు పనికివస్తుంది. బ్రాహ్మిని 1837లో చదివి చూపించిన జేమ్స్ ప్రిన్సెప్ కూడా కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించే ఉద్యోగి. సాంచి స్తూపం దగ్గరి చిన్న చిన్న శాసనాలన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని గమనించి, ఇవి దాతలు చెక్కించుకున్నవైతే ఆ మాట 'దానం' అయి ఉండాలని ఊహించాడు. అమరావతి స్తూపం రాళ్ల మీద అదే మాట నీవు నీ కళ్లతో చదువుతావు.

నీ పాత చదువు వృథా పోతుందన్న బెంగ వద్దు. చరిత్రకారుడు డి.డి. కోశాంబి గణితం బోధించేవారు. నాణెం చేతులు మారిన కొద్దీ అరిగి బరువు తగ్గుతుందన్న సాధారణ విషయాన్ని పట్టుకుని, గుర్తులు గుద్దిన పాతకాలపు విద్ధాంక నాణేల రాశులను తూచి, గణాంకశాస్త్రంతో వాటి పూర్వాపరాలు తేల్చే ప్రయత్నం చేశారు. అయితే ఆయన భర్తృహరి శతకాలను పరిష్కరించేటంత సంస్కృతం వచ్చినవారు కూడా. తక్కెడ ఒక్కటే తెచ్చుకుని ఈ రంగంలోకి వచ్చినవారిని నేను కొందరిని చూశాను, వాళ్ల పేర్లు ఇక్కడ అనవసరం.

నా సంగతి ఒకటి చెబుతాను. చేరిన రెండో ఏట ఒక పాత శివాలయం ముందు కాకతీయుల కాలపు రాయి మీద శకవర్షాన్ని మాటల్లో చెప్పిన శ్లోకం దొరికింది. 'నయన శర శశి శశి' అని చదివాను. నయనాలు రెండు, మన్మథుని శరాలు అయిదు, చంద్రుడు ఒకటి, మళ్లీ ఒకటి. ఈ అంకెలను వెనుక నుంచి చదవాలి కనుక శకం 1152, దానికి 78 కలిపితే క్రీ.శ. 1230, అంటే వికృతి సంవత్సరం. రెండో పంక్తిలో మాత్రం స్పష్టంగా 'ఖర' అని ఉంది. చెక్కినవాడు పొరపడ్డాడని రాసి, లెక్క సరిపోయిందన్న ధీమాతో మా గురువుగారికి చూపించాను. ఆయన ఏమీ అనకుండా నన్ను వెంటబెట్టుకుని రాయి దగ్గరకు వచ్చి, 'నయన'కు ముందు పెచ్చు లేచిన చోట నా వేలు పెట్టించి మెల్లగా జరిపించారు. రెండు అక్షరాల అడుగు గీతలు వేలికి తగిలాయి. అది 'హర' నయనం. శివుడి కళ్లు మూడు. శకం 1153, సరిగ్గా ఖర. ఎనిమిది వందల ఏళ్ల నాటి శిల్పి తప్పు చేశాడని రాసిన ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

జీవనోపాధి గురించి దాచను. అధ్యాపక వృత్తికి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. అందులో చరిత్ర, పురావస్తు శాస్త్రం వేరువేరు సబ్జెక్టులు. పురావస్తు సర్వేక్షణ శాఖకు మైసూరులో శాసన విభాగం ఉంది, కానీ అక్కడి కొలువులకు భాషా పరిజ్ఞానం అడుగుతారు, పైగా ఖాళీలు తక్కువ. రెండేళ్ల ఖర్చు చేతిలో పెట్టుకుని రా.

సంక్రాంతికి ఎలాగూ వస్తావు. మా ఊరి చెరువుగట్టు మీద ఒక శాసనం ఉంది. రాతిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేదాకా కుంచెతో కొట్టి, పైన సిరా అద్దితే నల్లని నేల మీద తెల్లని అక్షరాలు ఎలా లేస్తాయో చూపిస్తాను. కాగితం, సిరా నా దగ్గర ఉన్నాయి. గట్టి వెంట్రుకల కుంచె ఒకటి, నీ సంస్కృతం నోటుపుస్తకం తెచ్చుకో. రామశబ్దం నుంచి అప్పజెప్పించుకుంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న