నాన్న బుల్లెట్టు బయటికి తీసేముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "అది వాళ్ల నాన్న బండిని కొట్టంలోంచి బయటికి లాగింది అన్నయ్యా. ఫిట్‌నెస్ చేయించి శ్రీశైలం వెళ్తానంటోంది" అని చెప్పి, అది ఫిర్యాదో గొప్పో తేల్చకుండానే పెట్టేసింది. నాకూ తేలలేదు. నిద్ర పట్టక తెల్లవారుజామునే లేచి ఇది రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ నువ్వు వేరే పని చూసుకుంటావు. కాగితమైతే మడిచి టూల్ బాక్సులోనైనా పెట్టుకుంటావు.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్న పని. బండి 1984 నాటిది. పదిహేనేళ్లు నిండాక 1999లో మొదటిసారి రిజిస్ట్రేషన్ పొడిగించారు, అప్పటినుంచి అయిదేళ్లకోసారి. 2024లో గడువు ముగిసేనాటికి మీ నాన్న మంచంలో ఉన్నాడు, బండి ధ్యాస ఎవరికుంది? ఆలస్యానికి జరిమానా కట్టమంటారు, మారు మాట్లాడకుండా కట్టు. వారసురాలిగా నీ పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31, పొడిగింపుకు ఫారం 25. ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్ సరేసరి. పొగ పరీక్షకు చల్లటి ఇంజనుతో వెళ్లకు, ఓ అయిదు కిలోమీటర్లు తిప్పి తీసుకెళ్లు.

వింటేజ్ నంబరు తెచ్చుకుంటానని కూడా అన్నావట. ఎవరు చెప్పారమ్మా నీకు? 2021లో వచ్చిన నిబంధన ప్రకారం దానికి బండి వయసు యాభై దాటాలి. మన బండికి 2034 దాకా ఆ యోగం లేదు. వచ్చినా రోజూ తిప్పనివ్వరు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే బయటికి తీయాలి. మీ నాన్న ఆ బండి మీద వడ్ల బస్తాలు మోశాడు. దాన్ని బొమ్మను చేయకు.

ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కనబడేలా కిరోసిన్ గుడ్డతో తుడువు. ఉప్పుకాగితం మాత్రం తాకించకు. అక్షరాలు అరిగితే దిద్దావేమోనని అనుమానపడతారు, ఆ తర్వాత నీ చెప్పులు అరుగుతాయి.

ఇక అసలు సంగతి.

తనిఖీ చేసే అధికారిని మన ఊళ్లలో బ్రేకు ఇన్స్పెక్టరనే అంటారు. పేరులో బ్రేకు ఉంది కదా అని చక్రం విప్పి చూస్తాడనుకోకు. ఆయన ముందు వరసగా బండ్లు నిలబడి ఉంటాయి. నంబర్లు కలిశాయా, హారను మోగిందా, లైట్లు వెలిగాయా, పది గజాలు నడిపి తొక్కితే ఆగిందా, అంతే చూస్తాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ పది గజాల్లో బండి ఎలా ఉందో దానికే సంతకం పెడతాడు. దాన్ని కొండ మీది ఘాట్ రోడ్డుకు హామీ అనుకున్నది నేను.

1999లో ఆ మొదటి తనిఖీకి బండిని సిద్ధం చేసింది నేనే. అప్పట్లో మీ నాన్నకు స్పానరు పట్టుకోవడం కూడా రాదు, నాకు మాత్రం అన్నీ వచ్చుననే పొగరు. వెనక బ్రేకు పెడలు బాగా కిందికి దిగిపోతోంది. చక్రం విప్పి, రాపిడితో దాన్ని ఆపే లైనింగు పొర ఎంత అరిగిందో చూడాలి, అది సగం పూట పని. నేనేం చేశానో తెలుసా? బ్రేకు కడ్డీ చివర నట్టును అయిదారు చుట్లు బిగించాను. పెడలు ఠంచనుగా పైకి లేచింది. మర్నాడు ఆఫీసులో తొక్కితే చక్రం కీచుమంది. "కొత్త బండిలా ఉందే" అన్నాడాయన. ఆ మాటకు నేను పొంగిపోయిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపల, లైనింగు అంటించిన రెండు షూలను విడదీసి డ్రమ్ముకు ఒత్తేది కామ్ అనే చిన్న ముక్క. లైనింగు అరిగేకొద్దీ అది మరికాస్త తిరగాలి. నేను బిగించిన ఒక్కో చుట్టూ దాన్ని ముందే తిప్పి పెట్టింది. పైకి పెడలు బ్రహ్మాండంగా ఉంది, లోపల కామ్ తిరగడానికి చోటే లేదు.

ఆ తర్వాతి వారమే నీ మొక్కు. నువ్వు క్షేమంగా పుడితే మల్లన్న దర్శనానికి వస్తామని మీ నాన్న మొక్కుకున్నాడు. నీకు మూడో నెల. వినుకొండ, మార్కాపురం మీదుగా వెళ్లాం. దర్శనం బాగా జరిగింది. తిరుగుదారిలో నేను నడుపుతున్నాను, వెనక మీ నాన్న ఒళ్లో ప్రసాదం సంచి పెట్టుకుని కూర్చున్నాడు. నూట అరవై కిలోల పైచిలుకు బండి, పైన ఇద్దరం. రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగాల్సినవాణ్ని, మూడో గేరులో దర్జాగా, పెడలు మీది పాదం ఎత్తకుండా దిగాను. "ఏదో కాలుతున్న వాసన వస్తోంది బావా" అన్నాడు మీ నాన్న. "ముందు లారీదిలే" అన్నాను.

లారీది కాదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతోంది. తర్వాతి మలుపులో తొక్కితే పెడలు అడుగుదాకా పోయింది. ముందు బ్రేకు, ఆ కాలపు బుల్లెట్లకు ఉందంటే ఉంది, లేదంటే లేదు. భయంతో ఎడమ కాలి మీద నిలబడినంత పని చేశాను. కామ్ మొత్తం అడ్డం తిరిగిపోయి షూలు బిగుసుకున్నాయి. కాలు తీసినా చక్రం వదలలేదు. బండి పక్కకు ఒరిగి, మలుపు గోడ దాకా ఈడ్చుకుంటూ వెళ్లింది. గోడ అవతల ఏముందో నేను చూడలేదు, మీ నాన్న చూశాడు. లేచి నిలబడి, మోకాలి నుంచి నెత్తురు కారుతుంటే, ముందుగా అడిగిన మాట "ప్రసాదం ఒలికిందా" అని.

దోర్నాలలో మెకానిక్కు చక్రం విప్పాడు. లైనింగు అట్టముక్కంత మందం లేదు. మీ నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు, నన్ను చూశాడు, చాయ్ తాగుదాం పద అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక గేదె అడ్డం వచ్చిందని ఆయనే చెప్పాడు.

కాబట్టి, తనిఖీ పాసయ్యేందుకు ఏ నట్టూ బిగించకు. పెడలు నొక్కి పట్టుకుని, పక్కనుంచి కడ్డీకీ, అది లాగితే కామ్‌ను తిప్పే బ్రేకు చేతికీ మధ్య కోణం చూడు. తొంభై డిగ్రీలు దాటుతోందంటే షూల పని అయిపోయినట్టే. రెండు చక్రాలకూ కొత్త షూలు వేయించు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడువు.

టైర్లదీ ఇదే కథ. 0.8 మిల్లీమీటర్ల గాడి మిగిలి ఉంటే నిబంధన ఒప్పుకుంటుంది. కొట్టంలో నిలబడ్డ టైరుకు గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం చెక్కలా బిగిసి ఉంటుంది. పక్కగోడ మీద నాలుగంకెలు వెతుకు. 1211 అని ఉంటే 2011లో పన్నెండో వారం తయారైందని. అలాంటిది ఎంత బాగున్నా తీసేయి.

ఇంజను గురించి ఏమీ రాయలేదని మీ అమ్మ అడుగుతుంది. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మాడినా, కార్బురేటరులో చెత్త పడినా బండి ఆగిపోతుంది, అంతకు మించి ఏమీ కాదు. చెట్టు కింద కూర్చుని నాకు ఫోను చేస్తావు. చెప్పులతో మాత్రం కిక్కు కొట్టకు, అది తిరగబడి తంతే చీలమండ వాస్తుంది. బూట్లు కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను.

చీకటి పడకముందే అడవి దాటాలి. కొండ దిగేటప్పుడు రెండో గేరు. కాలిన వాసన వస్తే ఎవరిదో అనుకోకుండా ఆపు.

నువ్వు ఆ బండి ఎక్కుతావని మీ నాన్నకు తెలిసి ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు. నేనూ నిన్న రాత్రే పక్కింటాయనకు చెప్పాను, ఏం చేయను.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. వెనక చక్రం నేను వచ్చేదాకా విప్పకు, ఇద్దరం కలిసి విప్పుదాం. ఈ ఉత్తరం మీ అమ్మ కంట పడనీయకు. ఆవిడకు ఆ గేదె కథే ఉండనీ.

మీ మామయ్య