అంతర్వేది గాలికి విగ్గు నిలవాలంటే

చిరంజీవి అమ్మడుకు,

పెదనాన్న ఆశీస్సులు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి మీ బృందం భారతకథ మీది పద్యనాటకం ఆడుతున్నదనీ, పడక సీనులోనూ రాయబారంలోనూ కృష్ణుడి వేషం నీదేననీ మీ అమ్మ ఫోనులో చెప్పిన నాటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. సంతోషం కొద్దీ అని మీ అమ్మ అనుకున్నది. అందులో సగమే నిజం. మగవాళ్ళు ఆడవేషాలు కట్టి మెప్పించిన రంగస్థలం మనది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచి వస్తే చూడడానికి జనం ఊళ్ళు దాటి వచ్చేవారు, 1956లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. అటువంటి రంగం మీద మన ఇంటి ఆడపిల్ల ఎదురు దారిలో నడిచి కృష్ణుడు కడుతున్నదంటే ఈ ముసలి మేకప్ వాడికి గర్వంగా ఉండదా? నిద్ర చెడగొడుతున్న రెండో సగం గాలి గురించిన భయం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఆ చోట గాలిని ఆపడానికి కొండా లేదు, గుట్టా లేదు. పద్యం చెప్పడానికి నీకు గురువు గారు ఉన్నారు కనుక, నాకు చేతనైన విగ్గు సంగతి మాత్రమే వ్రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. నాటకానికి ముందు రోజు కుంకుడుకాయలతో తలంటుకో, మీ అమ్మ ఎంత బతిమాలినా నూనె పెట్టనివ్వకు. నూనె తల మీద పిన్ను జారుతుంది, నూనె చర్మం మీద విగ్గు అంచు అంటించే స్పిరిట్ గమ్ పట్టదు. పిన్నులు కావలసిన వాటికి రెట్టింపు దగ్గర పెట్టుకో.

నీకున్న గొప్ప సౌకర్యం నీ జుట్టే. మా రోజుల్లో కృష్ణుడు కట్టిన మగవాళ్ళ తలల మీద పిన్ను గుచ్చడానికి ఏమీ ఉండేది కాదు, అంతా గమ్ మీదా నాడా మీదా ఆధారపడేవాళ్ళం. నువ్వు జుట్టును రెండు సన్నని జడలుగా అల్లి, వాటిని తల చుట్టూ చదునుగా తిప్పి, ఒకదాని చివర మరొకదాని కిందికి దోపి గట్టిగా బిగించుకో. నడినెత్తిన ముడి వేయవద్దు. ముడి వేస్తే విగ్గు కింద ఖాళీ ఏర్పడుతుంది, గాలికి కావలసింది ఆ ఖాళీయే. జడల మీద నుంచి గాజుగుడ్డ పట్టీ ఒకటి నుదుటి మీదుగా వెనక్కి తెచ్చి చుట్టించుకో. ఆ తరువాతే విగ్గు. యూ పిన్నును విగ్గు అంచులోకి పోనిచ్చి, కింద ఉన్న జడను పట్టుకున్న తరువాత మెలితిప్పి వెనక్కి తోయాలి. ఒక్కొక్క చోట రెండేసి పిన్నులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడితే ఏ ఒక్కటీ తనంతట తాను జారిపోదు. చెవుల వెనకా, మెడ మీద అంచు దగ్గరా ఎక్కువ పెట్టించుకో. ముందు వైపు కిరీటం అదిమి ఉంచుతుంది కాబట్టి అందరూ అద్దంలో ముందు భాగం చూసుకుని తృప్తి పడతారు, గాలి మాత్రం మెడ దగ్గర నుంచి దూరుతుంది.

మీ కాంట్రాక్టరు ఇచ్చేది నైలాన్ విగ్గు అయితే మార్చమని అడుగు. అది తేలిక, గాలి విసురుకు ఉంగరాలన్నీ చెల్లాచెదురై నోట్లోకి వస్తాయి. అసలు జుట్టుతో చేసినది కాస్త బరువుగా ఉండి, గాలికి లేచినా మళ్ళీ తన చోటికి వచ్చి పడుతుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుందని నీకు తెలుసు కదా. అసలు జుట్టు విగ్గు ఏది కనిపించినా నేను దానికి ముందు ఒక దండం పెట్టుకుని గాని దువ్వెన పెట్టేవాడిని కాదు. అది నా చాదస్తం, నువ్వు పాటించనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్న నీకు ఎన్నడూ చెప్పి ఉండడు. వాడికి ఇంకా మీసాలు సరిగ్గా రాని రోజుల్లో నా దగ్గర మేకప్ పెట్టె మోస్తూ పని నేర్చుకునేవాడు, చెయ్యి మంచిది, కంగారు ఎక్కువ. ఉప్పాడ వైపు సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో నాటకం. నేను దుర్యోధనుడి మీసం అతికిస్తూ ఉండగా, కృష్ణుడిని తయారు చేసే పని వాడి మీద పెట్టాను. కిరీటం నాడాలు పాతబడి ఉన్నాయట. ఆ సంగతి నాతో చెబితే కోప్పడతానని భయపడి, సూదీ లావు దారమూ తీసుకుని కిరీటం అంచును విగ్గుకే చుట్టూ కుట్టేశాడు. ఎంత చక్కగా కుట్టాడంటే, లాగి చూసిన కృష్ణుడు కూడా మెచ్చుకున్నాడు. ఆ కృష్ణుడిది నున్నటి తల. విగ్గును పట్టి ఉంచుతున్నది కణతల దగ్గరి గమ్, వెనక ఒక నాడా, అంతే.

పడక సీనులో కృష్ణుడు పడుకుని ఉండాలి కదా. దుర్యోధనుడు వచ్చి, అర్జునుడు వచ్చి, వాళ్ళ పద్యాలూ వాటి రాగాలూ అయ్యేదాకా ఆ తల దిండు మీదే ఉన్నది. దిండు రాపిడికి మెడ దగ్గరి అంచు పైకి జరిగి, నాడా వదులైంది. ఆయన లేచి నిలబడి, చెయ్యి ఎత్తి పద్యం అందుకునే సరికి సముద్రం వైపు నుంచి ఒక విసురు వచ్చింది. కిరీటం మీది నెమలి పింఛం తెరచాప మాదిరిగా గాలి పోసుకుని కిరీటాన్ని పక్కకు తిప్పింది, కిరీటం తనకు కుట్టి ఉన్న విగ్గును లాగింది. రెండూ కలిసి ఆయన భుజం మీదుగా జారిపోతుంటే జనం గొల్లున నవ్వారు. ఆ మహానుభావుడు ఎడమ చేత్తో వాటిని పట్టుకుని గుండెకు అదుముకుని, శ్రుతి తప్పకుండా పద్యం పూర్తి చేశాడు. రాగం సగానికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి, చివరికి వన్స్‌మోర్ కూడా కొట్టారు. ఆయన మీ నాన్నను ఒక్క మాట అనలేదు, పైగా టీ తెప్పించి ఇచ్చాడు. అయినా వాడు తెల్లవారే లోపు మొదటి బస్సు ఎక్కి ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ పెట్టె ముట్టలేదు. ఆడపిల్లకు నాటకాలెందుకు అని వాడు ఇప్పుడు నీ మీద విసుక్కుంటున్నాడని విన్నాను. వాడిని ఎదిరించవద్దు, వాడికి ఆ నవ్వులు ఇంకా వినబడుతూ ఉండవచ్చు.

అందుచేత కిరీటాన్ని విగ్గుకు కుట్టనివ్వవద్దు, పిన్నులతో కూడా తగిలించనివ్వవద్దు. జడల మీద చుట్టిన గాజుగుడ్డ పట్టీకి చెవుల పైన రెండు నాడాలు కుట్టించుకో. విగ్గు పెట్టిన తరువాత అవి చెవి ముందు అంచు కింది నుంచి బయటికి వచ్చి, కిరీటం లోపలి రింగులకు ముడిపడాలి. విగ్గు ఉంగరాలు వాటిని కప్పేస్తాయి. అప్పుడు కిరీటం నీ తలను పట్టుకుంటుంది, విగ్గు జోలికి పోదు. పింఛాన్ని మాత్రం సన్నటి దారంతోనే కట్టించు. మరీ పెద్ద గాలి వస్తే ఆ దారం తెగి పింఛం ఒక్కటే ఎగిరిపోవాలి, జనం దాన్ని చూసి ముచ్చటపడతారే గాని నవ్వరు. దిండుకు పట్టుగుడ్డ గలీబు వేయమను, రాపిడి తగ్గుతుంది. లేచేటప్పుడు కుడి చేతిని మెడ వెనకకు పోనిచ్చి ఉత్తరీయం సర్దుకుంటున్నట్లు అంచును ఒకసారి కిందికి అదుముకో. అది అభినయంలో కలిసిపోతుంది.

గమ్ కణతల దగ్గర చాలు. పూసిన వెంటనే అంటించకుండా వేలికి జిగురు తగిలేదాకా ఆగాలి, అంటించేటప్పుడు నోరు పూర్తిగా తెరిచి ఉంచాలి. నోరు మూసుకుని అంటించుకుంటే తారస్థాయిలో దవడ కదిలిన మొదటి పద్యానికే అంచు లేచిపోతుంది. పుండు గాని దద్దురు గాని ఉన్న చోట గమ్ తగలనివ్వకు. తీసేటప్పుడు లాగవద్దు, కొబ్బరినూనెతో నానబెట్టి తుడుచుకో. నీ చర్మం చిన్నప్పటి నుంచీ సున్నితమైనది, చిన్న దోమ కుట్టినా వారం రోజులు ఎర్రగా ఉండేది.

సాయంత్రమే వేదిక ఎక్కి, పందిరి రాటకు ఒక గుడ్డపీలిక కట్టి గాలి ఎటు వీస్తున్నదో చూసుకో. మొదట సముద్రం మీది గాలి ఉన్నా, పొద్దుపోయిన తరువాత అది నేల వైపు నుంచి తిరగవచ్చు కనుక, నీ సీనుకు ముందు ఆ పీలికను మళ్ళీ చూడు. గాలి వీపు వైపు నుంచి వస్తున్నప్పుడు నేరుగా నిలబడక, ఒక భుజం ముందుకు పెట్టి ఏటవాలుగా నిలబడితే మెడ మీద అంచుకు దెబ్బ తగ్గుతుంది.

రిహార్సల్సుకు విగ్గు లేకుండా వెళుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఏమిటా నిర్లక్ష్యం? తల మీద బరువుతో రాగం తీయడం వేరు, ఉత్త తలతో తీయడం వేరు. రేపటి నుంచి విగ్గూ కిరీటమూ పెట్టుకుని, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టుకుని పద్యాలన్నీ పాడు. కణతలు నొప్పి పుడితే పట్టీ ఒక వేలు వదులు చేసుకో, నొప్పి భరించి పాడవద్దు. నాడాలు మాత్రం మీ నాన్న చేత కట్టించుకో. అడిగి చూడు, కాదనడని నా నమ్మకం.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటేటప్పుడు విగ్గు పెట్టె మూత తెరవవద్దు, ఒడిలోనే పెట్టుకో. గాజుగుడ్డ, నాడాలు, యూ పిన్నులు, నా పాత చెక్క దువ్వెన తెనాలి నుంచి బస్సు పార్సిలులో పంపుతున్నాను. స్పిరిట్ గమ్ త్వరగా అంటుకునే సరుకు కనుక బస్సులో పెట్టలేదు. మీ మేకప్ మ్యాన్‌ను అడిగి కొత్త సీసా కొనిపించుకో, పాతది చిక్కబడి ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న